చెల్లెలు లేని మేనమామ

నేను చెప్పే మాటల్లో సగానికి సగం కోసేసి మిగిలింది తీసుకోవడం వేంపల్లెలో నన్నెరిగిన వాళ్ళందరికీ అలవాటు. చీర బేరమాడినట్టే. పెళ్ళికి వెయ్యిమంది వచ్చారని నేనంటే అయిదువందలనుకుంటారు. ఆ అయిదువందల్లోనూ కొందరు పక్క పెళ్ళికి పోబోయి దారి తప్పి వచ్చినవాళ్ళని నవ్వుకుంటారు. చదివే మీకు ఆ అలవాటు లేదు కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

పోయిన నెల చనిపోయిన ఒక చీరల అంగడి ఆయన గురించి ఇది. పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. అంగడి బోర్డు మీద కూడా ఆయన పేరు ఉండేది కాదు, దేవుడి పేరూ ఉండేది కాదు. 'చీరలు' అని మాత్రం రాయించాడు. అదేమంటే, "లోపలుండేటివి చీరలు గదా సార్, నేను గాదు గదా" అనేవాడు.

ఆరడుగుల మనిషి. వాకిట్లో నిలబడితే అంగడిలోకి వెలుగు రాదు. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను. ఆయన నా చెవి దాకా వచ్చేవాడు, అంతే. నేనేమంత పొడుగని. గుబురు మీసం మాత్రం నిజం. అందులో ఎప్పుడూ ఒకటో రెండో దారప్పోగులు చిక్కుకుని ఉండేవి.

మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ఆ మగ్గాలు అమ్ముడుపోయాక వేంపల్లెకు వచ్చి మా జూనియర్ కాలేజీ ఎదురుగా అంగడి పెట్టుకున్నాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. విప్పి చూపించిన చీరను మళ్ళీ పాత మడతల మీద మడిచేవాడు కాదు. ఒకే మడతలో ఏళ్ళతరబడి పడి ఉంటే చీర సరిగ్గా అక్కడే చిరుగుతుందని, మడిచిన ప్రతిసారీ మడతను కాస్త జరిపేవాడు. కొందరు ఆడవాళ్ళు అంగడిలో ఉన్న చీరలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచిపోయేవాళ్ళు. వాళ్ళు మెట్లు దిగేదాకా నవ్వుతూ నిలబడి, తర్వాత తెల్ల పరుపు మీద ఆ చీరల కుప్ప మధ్య కూర్చుని ఒక్కొక్కటే కొత్త మడత వేస్తూ, "పోనీ, వీటికీ గాలి తగిలె" అనేవాడు.

నేను ఆ కాలేజీలోనే ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన ఇంగ్లీషు మాస్టరు సంగతి తెలుసు కదా, వినేవాడు దొరికితే చాలు. సాయంత్రాలు ఆ తెల్ల పరుపు మీద చేరగిలబడేవాణ్ణి. మా మధ్య ఒక ఒప్పందం. టీ ఆయనది, మాట నాది. టీ గ్లాసు నా చేతికిచ్చి, "ఈ పొద్దు మాటేంది సార్?" అని అడిగేవాడు. నేనొక ఇంగ్లీషు మాట చెప్పాలి. మామూలు మాట పనికిరాదు, అరుదైనదై ఉండాలి.

అట్లా ఆయనకు వెయ్యి మాటలు నేర్పాను. వెయ్యి లేవు. వందకు కూడా అనుమానమే. పైగా వాటిలో చాలా మాటలు నాకూ కొత్తవే. మధ్యాహ్నం ఫోన్లో వెతికి పట్టుకుని, సాయంత్రానికి పుట్టుకతో వచ్చినవాడిలా చెప్పేవాణ్ణి.

అర్థం చెబితే ఆయనకు చాలేది కాదు. "అర్థం సరే సార్, వాడేదెట్ల?" అనేవాడు. ఎవరిని చూసి అనొచ్చు, ఎవరి ముందర అనకూడదు, అంటే అవతలివాడు సంతోషపడతాడా కొట్టొస్తాడా, అన్నీ కావాలి. గొడ్డలి పేరు తెలిసినంత మాత్రాన కట్టె పగలదు కదా అని ఆయన వాదన. ఒకసారి 'ఫ్రూగల్' అనే మాట చెప్పాను. పొదుపరి అని. మర్నాడు బేరం తెగని ఒక ముసలామెతో, "నువ్వు శానా ఫ్రూగలు అవ్వా" అన్నాడు. అది తిట్టనుకుని ఆమె చీర విసిరికొట్టింది. అర్థం చెప్పించుకుని, పొగిడినాడని తెలిశాక ఆయన చెప్పిన ధరకే కొనుక్కుని పోయింది. లేదు, కొనలేదు. కొనకుండానే పోయింది. కానీ పోతూ పోతూ నవ్వింది, అది నేను చూశాను.

ఒక సాయంత్రం పల్లె నుంచి ఒకామె చంకలో ఏడ్చే బిడ్డతో వచ్చింది. చీరలు చూసుకోనివ్వకుండా ఆ బిడ్డ ఒకటే గోల. ఈయన బిడ్డను అందుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఒక జాకెట్టు ముక్క తీసి రెండు ముడులు వేసి, చెవులు లాగి కుందేలు చేశాడు. ఆ కుందేలు ఆయన మీసంలో దూరి దాక్కునేది, బయటికి తొంగి చూసేది. బిడ్డ ఏడుపు మరిచి ఆయన మీసం పట్టుకుని పీకింది. ఆమె నిమ్మళంగా చీర చూసుకుని, కొనుక్కుని, కుందేలుతో సహా బిడ్డను తీసుకుపోయింది.

అప్పుడు నా నోటి నుంచి ఆ రోజు మాట వచ్చింది. "నువ్వు అవంక్యులర్ మనిషివప్పా" అన్నాను.

ఆయన వేస్తున్న మడత ఆపి చూశాడు. అంటే ఏమిటన్నాడు. మేనమామ మాదిరి మనిషి అని అర్థం చెప్పాను.

ఎప్పుడూ వెంటనే వచ్చే రెండో ప్రశ్న ఆరోజు రాలేదు. చీర మడుస్తూ ఉండిపోయాడు. పాత మడత మీదే మడిచేశాడు. నేనది గమనించాను కానీ ఎందుకో అర్థం కాలేదు. మడిచిన చీర పక్కన పెట్టి అన్నాడు:

"నాకు అక్క లేదు, చెల్లెల్లేదు సార్. మా యమ్మకు నేనొగన్నే. నాకెట్ల అతుకుతాది ఆ మాట?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇద్దరం కలిసి ఎన్నో పెళ్ళిళ్ళకు పోయాం. పెళ్ళికూతురు గౌరీపూజ ముగించుకున్నాక అయ్యవారు కేక వేస్తాడు, మేనమామలు రావాలి అని. సరిగ్గా ఆ వేళకే ఈయనకు దాహం వేసేది. మంచినీళ్ళకని లేచిపోయి, పెళ్ళికూతురి గంప పీటల దగ్గరికి చేరాక తిరిగివచ్చేవాడు. మనవైపు మగవాడికి చదువు లేకున్నా జరుగుతుంది, పొలం లేకున్నా జరుగుతుంది. తోడబుట్టిన ఆడది లేకపోతే మాత్రం ఒక పీట తగ్గిపోతుంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ కూర్చునే ఒడి అతనిది కాదు. చెవులు కుట్టే రోజు అతణ్ణి ఎవరూ వెతకరు. ఈడేరిన పిల్లకు మొదటి చీర అతని చేతి మీదుగా పోదు. ఊరందరికీ చీరలమ్మినవాడు, హక్కుగా ఒక్క చీర పెట్టే చోటు లేనివాడు ఆయన.

నేను ఇంగ్లీషు మాస్టరుని కదా, సర్ది చెప్పాను. ఇంగ్లీషులో దానికి చెల్లెలు అక్కరలేదు, వయసు మీదపడినవాడు చిన్నవాళ్ళతో నవ్వుతూ చనువుగా ఉంటే చాలు, ఆ మాట వాడేస్తారు అన్నాను.

"మోసేది ఏమన్నా ఉంటాదా?"

"ఏమీ ఉండదు. భుజం తట్టి, ఒక జోకేసి, పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెడితే సరి."

"అయితే అది ఖర్చు లేని మామతనం" అన్నాడు. "నాకొద్దు సార్. ఇస్తే మోసేది కూడా ఇయ్యండి."

ఎవరైనా నవ్వుతారు ఈ మాటకు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత వారంలోనే మొదలైంది. మా ఇంటికి వచ్చినప్పుడు అంతకు ముందు నా భార్యను "అమ్మా" అనేవాడు. ఆరోజు వాకిట్లో నిలబడి, తడబడుతూ, "చెల్లే, మంచినీళ్ళిస్తావా" అన్నాడు. నా భార్యకు సొంత అన్నదమ్ములు లేరు. ఆమె ఒక్క క్షణం చూసి, "లోపలికి రా అన్నా" అంది. అంతే. రెండు మాటలు. నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పినా ఇంత తొందరగా ఒక మాటను వాడుకలోకి తేలేదు. నలభై కాదు, ముప్పైకి కాస్త పైన.

బజారులో హోటలు నడుపుకునే ఒకామె బిడ్డకు మేనమామ లేడు. వాణ్ణి గండి గుడికి తీసుకుపోయి పుట్టువెంట్రుకలు తీయిస్తూ ఈయన్ను పిలిచారు. కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. కత్తెర పడగానే వాడు ఆ పంచె మీద పోసేశాడు. మంగలాయన నవ్వితే, "మేనల్లుడు గదప్పా, ఆస్తి పంచిస్తాండాడు" అన్నాడు. ఆ పంచె ఎన్నో రోజులు ఉతకలేదని ఊళ్ళో చెప్పాను నేను. అబద్ధం. మర్నాడే ఉతికాడు. కానీ తడిసిన పంచెతోనే బస్సెక్కి, తడిసిన పంచెతోనే బజారంతా తిరిగాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ కారణం చెబుతూ. అది నిజం.

ఇక మా అమ్మాయి పెళ్ళి సంగతి.

పెళ్ళి కుదిరిన రోజే నా భార్య అంగడికి పోయి, "అన్నా, పాప గంప నువ్వే మొయ్యాల" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అప్పటినుంచి ఆ మనిషి కాలు నేల మీద నిలవలేదు. మేదరవాళ్ళతో పొద్దస్తమానం పోరి గట్టి వెదురు గంప అల్లించాడు. అందులో బియ్యం మూట పెట్టి, పొద్దున్నే అంగడి తెరవకముందు, ఇంకో ఇద్దర్ని బతిమాలి చెరొక పక్కా పట్టించి, సందులో నడక నేర్చుకున్నాడు. వయసు అరవైకి దగ్గర, నడుము నొప్పి. ఆయన భార్య వాకిట్లో నిలబడి, "బియ్యానికి పెండ్లి జేస్తాండావా" అని ఎగతాళి చేసేది. పసుపు చీర, కుంకుమరంగు అంచు, తమవాళ్ళ మగ్గం మీద నేయించి తెచ్చాడు. ఆ చీర కట్టుకునే పాప గంపలో కూర్చోవాలి.

కడపలో పెళ్ళి. అంగడి చూసుకోవాలని ఆయన భార్య రాలేదు, వేంపల్లె నుంచి వచ్చినవాళ్ళూ కొద్దిమందే. అయ్యవారు కేక వేశాడు, మేనమామలు రావాలి అని. ఈసారి ఆయనకు దాహం వేయలేదు. నేనే పోయి ఆయన చెయ్యి పట్టుకుని గంప దగ్గరికి తీసుకొచ్చాను. మా బంధువులు, వియ్యాలవారు అందరూ చూస్తుండగా, "మా ఇంటి మేనమామ ఈయనే" అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాప ఆ పసుపు చీరలో గంపలో కూర్చుంది. ముందు పట్టు ఆయనది. బియ్యం మూటతో నేర్చుకున్న నడక, ఒక్క అడుగు తొణకలేదు. పాప పకపకా నవ్వింది. పీటల మీద దించి, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఇప్పుడు వాడుక తెలిసె సార్" అన్నాడు.

పోయిన వారం అంగళ్ళవాళ్ళు పెట్టిన సంతాపసభలో మైకు ముందు నేను చెప్పింది ఈ పెళ్ళి సంగతే, ఈ మాటల్లోనే. అవంక్యులర్ అనే మాటకు నిఘంటువులో దొరకని అర్థం ఈయన అని ముగించాను. ముందు వరసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వెనకాల ఎవరో చప్పట్లు కొట్టబోయి, సంతాపసభ అని గుర్తొచ్చి ఆపుకున్నారు.

ఇది సగం కోసి తీసుకోవలసిన మాట కాదు. మొత్తం కోసి పారేయవలసిన మాట. గంప నిజం, చీర నిజం, బియ్యం మూట నిజం. ఆయన మోయలేదు.

జరిగింది చెబుతాను.

నా భార్యకు సొంత అన్నదమ్ములు లేరన్నాను. పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నాడు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఎన్నో ఏళ్ళుగా మా గడప తొక్కలేదు. ఈ లోపల పెద్ద కాంట్రాక్టరు అయ్యాడు. పిలవాలి కాబట్టి పిలిచాం, రాడనుకున్నాం. ముహూర్తం ముందర మండపం బయట తెల్ల బండ్లు వరసగా ఆగాయి. అందులోంచి ఆయన దిగాడు, వెనక మనుషులు దిగారు. వియ్యాలవారు లేచి నిలబడ్డారు. వాళ్ళు నన్ను చూసి ఎప్పుడూ అట్లా లేవలేదు. ఆ లేవడం చూసి నాకు కడుపు నిండింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అన్నం అక్కరలేనంతగా నిండింది.

అదే సమయానికి అయ్యవారు కేక వేశాడు. మా చీరల అంగడాయన గంప దగ్గర నిలబడి ఉన్నాడు, పంచె ఎగగట్టి, తువ్వాలు నడుముకు బిగించి. వియ్యంకుడు నా పక్కనే ఉండి, ఆయన్ను చూపించి, "ఈయప్ప ఎవురు?" అని అడిగాడు.

మామూలుగా అడిగాడు. తెలుసుకోవాలని అడిగాడు. మా పాప మేనమామ అంటే అయిపోయేది. ఆయన కులం మా కులం కాదు. ఆ మాట నేను నోటితో అనలేదు. చదువుకున్నవాళ్ళం, ఆ మాట అనకుండానే ఆ పని జరుపుకునే విద్య మాకు వచ్చు.

"మా ఊళ్ళో చీరల అంగడాయన. గంప తెచ్చినాడు" అన్నాను.

గంప తెచ్చినాడు. మేదరవాడు తెచ్చినట్టు, టెంటువాడు కుర్చీలు తెచ్చినట్టు. ఆ పైన కాంట్రాక్టరు వైపు తిరిగి, నువ్వుండగా వేరేవాళ్ళెందుకు రా బావా అని పిలిచాను. నిజానికి ఆయనే వెనకాడాడు. "నేనా?" అని గంప దగ్గర నిలబడినాయన వైపు చూశాడు. నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఇందాక చెప్పిన చెయ్యి పట్టుకోవడం అదే. మనిషి మారాడు, అంతే.

మా అంగడాయనకు నేనన్నది వినబడింది. వినబడలేదనుకోవడానికి వీల్లేనంత దగ్గర్లో ఉన్నాడు. ఆయన ముఖం ఎట్లా ఉందో చెప్పలేను. నేను చూడలేదు, గంప వైపు చూస్తున్నాను. మాట మాత్రం విన్నాను. కాంట్రాక్టరుతో మెల్లగా, "ఈడ పట్టుకోండప్పా. ఆ పక్క కట్టు కొంచెం వదులుండాది, పాప జారుతాది" అన్నాడు. తువ్వాలు విప్పి భుజాన వేసుకుని జనంలోకి పోయాడు.

పాప ఆయన తెచ్చిన పసుపు చీరలోనే వచ్చి గంపలో కూర్చుంది. అటూ ఇటూ చూసి, "మామ యాడ నాయనా?" అంది. ఫోనొస్తే బయటికి పోయినాడని చెప్పాను. నవ్వలేదు పాప. ఆ గంప ఫోటోలో కూడా ఎక్కడో దూరంగా చూస్తూ ఉంటుంది.

నా భార్య లోపల గౌరీపూజ దగ్గర ఉండి ఇదేమీ చూడలేదు. తర్వాత తెలిసింది. పెళ్ళివాళ్ళంతా వెళ్ళాక, "అన్న లేడనే కొదవ తీరింది అనుకుంటి. మీరు మళ్ళా లేకుండా చేస్తిరి" అంది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తదు. ఎత్తితే బాగుండుననిపిస్తుంది.

కొన్నాళ్ళు అంగడి వైపు పోలేదు. కాలేజీ వీధి తప్పించి పాల కోసం వేరే దారిలో పోయేవాణ్ణి. చివరికొక సాయంత్రం పోయాను. ఏదో ఒకటి అంటాడని, అంటే తల వంచుకుని వినాలని సిద్ధపడి పోయాను. నన్ను చూడగానే పరుపు మీద చీరలు పక్కకు జరిపి చోటు చేశాడు. టీ తెప్పించాడు. గ్లాసు చేతికిచ్చి, "ఈ పొద్దు మాటేంది సార్?" అన్నాడు.

ఈ పొద్దుకేమీ లేదన్నాను.

"సరే, టీ చల్లారుతాది తాగండి" అన్నాడు.

అంతే. ఆ తర్వాత రెండేళ్ళూ అట్లాగే గడిచాయి. టీ మానలేదు, మాట అడగడం మానలేదు. నేను మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను, భయం లేని మాటలు, వానకు సంబంధించినవి, రంగులకు సంబంధించినవి. ఆయన 'వాడేదెట్ల' అని అడగడం మాత్రం మానేశాడు. అర్థం విని తల ఊపేవాడు. బిడ్డలకు కుందేళ్ళు చేయడం మానలేదు. కానీ ఎవరైనా పుట్టువెంట్రుకలకు ఒడి ఇవ్వమని వస్తే నడుము నొప్పి అని తప్పించుకునేవాడు. బియ్యం మూట మోసినప్పుడు అడ్డం రాని నొప్పి. నా భార్యను చెల్లే అనడం మానలేదు. ఇంటికి రావడం మాత్రం తగ్గించాడు, నేను లేనప్పుడు వచ్చిపోయేవాడని తర్వాత తెలిసింది.

ఆ మాటను నేను సరిగ్గా వెతికింది ఆ రోజుల్లోనే. చూస్తే ఏముంది, దాని వేరు లాటిన్లో ఉంది, అక్కడ దానికి అచ్చంగా అమ్మ తోడబుట్టినవాడు అనే అర్థం. పెదనాన్న కాదు, చిన్నాన్న కాదు, మేనమామే. ఇంగ్లీషువాళ్ళు అందరినీ ఒకే గంపలో వేసి అంకుల్ అనేశారు కానీ, ఆ విశేషణంలో మాత్రం మేనమామ వాళ్ళకు తెలియకుండా దాక్కుని ఉన్నాడు. చెల్లెలు అక్కరలేదని, మోసేదేమీ ఉండదని నేను చెప్పింది వాడుక వరకే నిజం. ఇంకొకటి కూడా కనిపించింది. కొన్ని చోట్ల ఆ మాటను కొంచెం వెటకారంగా వాడతారట. పై మెట్టు మీద నిలబడి కింది మెట్టువాడి భుజం తట్టేవాడి గురించి, ఆ తట్టడంలోనే నువ్వు కింద ఉన్నావని గుర్తుచేసేవాడి గురించి. ఆయన పరుపు మీద చేరగిలబడి, ఆయన టీ తాగుతూ, ఫోన్లో దొరికిన మాటను బిచ్చమేసినట్టు వేసిందెవరు? ఆ రెండో వాడుకకు ఉదాహరణ వెతుక్కుంటూ నేను దూరం పోనక్కరలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను. ఇదిగో రేపు, ఇదిగో ఎల్లుండి అని రెండేళ్ళు గడిపాను. ఒక పొద్దున అంగడి తలుపు తీస్తూ తీస్తూ అక్కడే కూలబడిపోయాడు. ఆసుపత్రి దాకా పోలేదు.

సభలో ఆ అబద్ధం ఎందుకు చెప్పానని మీరడగొచ్చు. ముందుగా అనుకుని చెప్పలేదు. మైకు చేతికొచ్చింది, జనం నా వైపు చూస్తున్నారు, ఆయన ఫోటోకు దండ వేసి ఉంది. గంప దగ్గరికి వచ్చేసరికి, ఒక్కసారి జరగవలసినట్టు జరిగితే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది. చెబుతూ ఉంటే నిజమనిపించింది. నా భార్య సభకు రాలేదు. వచ్చి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాదు.

సభ ముగిశాక మెట్ల దగ్గర ఆయన భార్య నా కోసం నిలబడి ఉంది. "బాగా చెప్పినారు సార్" అంది. నేను చేతులు జోడించి, ఆయన అంతటివాడమ్మా అన్నాను.

ఆమె మెల్లగా అంది: "ఆ పొద్దు పెండ్లి కాడ్నించి వచ్చి నాకూ అచ్చం ఇట్లే చెప్పినాడు. మీరే చెయ్యి పట్టుకొని గంప దగ్గరికి తీసకపోయినారంట. పాప నవ్విందంట. అంతా మీరు చెప్పినట్టే."

నా గుండె మీంచి ఒక బండ దిగిపోయింది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే అది నిజం కిందే లెక్క కదా, ఇక ఈ సంగతి ఇంతటితో పోయింది అనుకున్నాను. ఆమె ఇంకా అయిపోలేదు.

"చెప్పి, అన్నం పెట్టమన్నాడు సార్. సంగటి ఉండాదంటే, ఏదైనా పెట్టు అని గిన్నెలో ఉండేదంతా తినేసినాడు. గంప మోసిన మేనమామను అన్నం పెట్టకుండా ఎవురన్నా పంపిస్తారా? నాకప్పుడే తెలిసింది. తెలిసినట్టు ఆయప్పకు ఎప్పుడూ చెప్పలా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం కోసం వెతికాను, దొరికితే దాన్ని పట్టుకుని తల వంచుకుందామని. లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నేను బాధపడతానని ఆయప్ప నాకట్ల చెప్పినాడు. మీరెవురి కోసం చెప్పినారు సార్?"

నేను కిందికి వంగి మెట్ల పక్కన చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నటించాను. చాలాసేపు వెతికాను. చెప్పులు నా కాళ్ళకే ఉన్నాయి. ఆమె చూస్తూ నిలబడింది.